మన ఏరు పొంగే చలికాలం, గంగ తగ్గే చలికాలం: వైట్‌వాటర్ కయాకింగ్ గురించి కాస్త వివరంగా

కార్తీకం వచ్చిందంటే మన వైపు వానలు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, రెండు మూడు రోజులు తెరిపి లేకుండా కొట్టి, స్వర్ణముఖి రెండు గట్లూ ఒరుసుకుని పారడం మొదలుపెట్టిందంటే చాలు, కయాకింగ్ మీద, అంటే ఒక్క మనిషి పట్టే సన్నటి పడవను తెడ్డుతో నడుపుతూ ఉరికే నదుల్లో దిగే ఆట మీద, మోజున్న తిరుపతి కుర్రాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అన్నా, రిషికేశ్‌లో జనవరి చలిలో కూడా కయాక్ దింపుతా ఉండారు గదా, మన ఏట్లో ఇన్ని నీళ్ళు పోతా ఉంటే మనమెందుకు దింపగూడదు?"

అడగాల్సిన ప్రశ్నే. కానీ ఇందులో వేర్వేరు సంగతులు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. ఏ నదికి ఏ కాలంలో నీళ్ళొస్తాయి, ఎలాంటి నీళ్ళలో కయాక్ నడుస్తుంది, చల్లటి నీళ్ళు మనిషి ఒంటిని ఏం చేస్తాయి. వీటిని కలిపేసి చూస్తే ఏదీ అర్థం కాదు. నేను చెప్పేది ఇదీ: చలికాలంలో మన దగ్గర ప్రాణం తీసేది నీటి జోరు, హిమాలయ నదుల్లో ప్రాణం తీసేది నీటి చలి. ఒకదానికి తయారైన మనిషి రెండోదానికి తయారైనట్టు కాదు.

ముందు కాలం సంగతి చూద్దాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చెరువులు మరవ పారేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. అంటే మన చలికాలమూ మన వరదకాలమూ ఒకటే. హిమాలయ నదులకు ఇది తలకిందులు. అక్కడ జులై, ఆగస్టుల్లో వానా, కరిగిన మంచూ కలిసి గంగ విరుచుకుపడుతుంది, అందుకే ఆ నెలల్లో రిషికేశ్‌లో ర్యాఫ్టింగ్ (గాలి నింపిన రబ్బరు పడవల్లో నది దిగడం) ఆపేస్తారు. సెప్టెంబరు దాటాక వానలు ఆగుతాయి, పైన చలికి మంచు కరగడం నిలిచిపోతుంది, డిసెంబరు, జనవరి వచ్చేసరికి గంగ బాగా తగ్గి, ఆకుపచ్చగా తేటపడి, రాళ్ళు బయటపడి పారుతుంది. కేరళ వాళ్ళది ఇంకో లెక్క. కోళిక్కోడ్ దగ్గర చాలిప్పుళ, ఇరువంజిప్పుళ నదుల్లో జరిగే మలబార్ రివర్ ఫెస్టివల్ జులై, ఆగస్టు వానల్లోనే పెడతారు, ఎందుకంటే ఆ నదుల్లో అప్పుడే నీళ్ళుంటాయి. కర్ణాటకలో దాండేలి దగ్గర కాళి నదికి వానతో నేరుగా పని లేదు, పైన సూపా డ్యాం నుంచి నీళ్ళు వదిలితేనే ర్యాపిడ్‌లు, అంటే నీళ్ళు రాళ్ళ మీద నురగలతో ఉరికే చోట్లు, నడుస్తాయి. నర్మద మీద మహేశ్వర్ దగ్గర సహస్రధారలో 2023 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా యూత్ గేమ్స్ కెనో స్లాలమ్ (ఉరికే నీళ్ళలో వేలాడదీసిన గేట్ల మధ్యగా పడవ నడపడం) పోటీలు జరిగాయి, అదీ చలికాలం చివరే. కాబట్టి చలికాలం కయాకింగ్ అని ఒకే మాట అన్నా, ఏ నది మీద అన్నది చెప్పకపోతే ఆ మాటకు అర్థమే లేదు.

ఇక మన ఏరు. శేషాచలం కొండలు చాలా మటుకు గట్టి క్వార్ట్‌జైట్ రాయి. ఆ రాతి మీద పడ్డ వాన ఇంకదు, నిలవదు, నిట్టనిలువు లోయల్లోంచి జారి కిందికి వచ్చేస్తుంది. అందుకే పొద్దున మోకాళ్ళలోతున్న వంక మధ్యాహ్నానికి మనిషిని మించుతుంది, వాన ఆగాక మళ్ళీ అంతే త్వరగా తీసిపోతుంది. 2021 నవంబరులో ఇది మనందరం కళ్ళారా చూశాం: అలిపిరి మెట్ల మీద నీళ్ళు ఉరికాయి, కపిలతీర్థం దగ్గర నిలబడటానికే భయమేసింది, తిరుచానూరు దగ్గర ఏటి ఒడ్డున ఉన్న ఇల్లు కళ్ళముందే కూలి నీళ్ళలో కలిసిపోయిన వీడియో ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది.

ఆ జోరు చూసి అది కయాక్‌కు పనికొచ్చే నీరని అనుకుంటాం గానీ, పనికిరాదు. వైట్‌వాటర్, అంటే తెల్లటి నురగలతో ఉరికే నదికి కావాల్సింది ఒట్టి వేగం కాదు. ఏటవాలు, రాతి అడుగు, నదిని అక్కడక్కడా ఇరుకు చేసే బండలు, ఆ బండల వెనక ఎడ్డీలు కావాలి. ఎడ్డీ అంటే బండ వెనక నీళ్ళు నెమ్మదించి ఎగువకు తిరిగే చోటు. కయాకర్‌కు అదే ఆగే చోటు, ఊపిరి తీసుకునే చోటు, కిందేముందో చూసుకునే చోటు, పడిపోయిన తోటివాణ్ణి పట్టుకునే చోటు. తెలిసినవాడు నదిని ఎడ్డీ నుంచి ఎడ్డీకి ముక్కలుగా దిగుతాడు, ఒకే ఊపున దిగడు. స్వర్ణముఖి ఇసుక ఏరు. వరదలో అది గట్టు నుంచి గట్టుకు ఒకే జోరుతో పోయే బురద నీళ్ళు. ఆగుదామంటే ఎడ్డీ ఉండదు, ఒడ్డుకు చేరుదామంటే ఒడ్డంతా కంపచెట్లు.

ఆ కంపచెట్టే అసలు గండం. నీళ్ళు కొమ్మల సందుల్లోంచి వెళ్ళిపోతాయి, మనిషి వెళ్ళలేడు. నీటి జోరు అతణ్ణి కొమ్మలకు వేసి నొక్కి పట్టేస్తుంది. కయాకర్లు దీన్ని స్ట్రెయినర్ అంటారు, నదిలో వాళ్ళు అన్నిటికన్నా భయపడే వాటిలో ఇదొకటి. నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది, అందుకే నడుములోతు వరదలో చెట్టుకు చిక్కుకున్న మనిషిని నలుగురు పట్టి లాగినా కదలడు. పైగా మన వరదలో తీగ కంచెలు, కరెంటు స్తంభాలు, కూలిన కల్వర్టుల ఇనుప చువ్వలు, ఊరి మురుగు, అన్నీ కలిసి వస్తాయి. బురద నీళ్ళలో అవేవీ కనపడవు.

చెక్‌డ్యాం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎందుకంటే చూడటానికి అన్నిటికన్నా అమాయకంగా కనిపించేది అదే, ఏటా మన పల్లెల్లో ఈతకు దిగిన పిల్లల్ని మింగేదీ అలాంటివే. మూడు నాలుగు అడుగుల గోడ మీద నుంచి నీళ్ళు తెరలాగా సమంగా దిగుతుంటాయి, కింద కాస్త తెల్లటి నురగ, ఆ తర్వాత ప్రశాంతం. ఒడ్డున నిలబడి చూస్తే ట్యూబు వేసుకుని జారొచ్చనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. గోడ దిగిన నీళ్ళు అడుగుకంటా వెళ్ళి, కొంత దూరం పోయి పైకి పొంగుతాయి. పొంగిన నీళ్ళలో సగం దిగువకు పోతే, మిగతా సగం పైపైనే వెనక్కి, గోడ వైపుకు తిరిగి వస్తాయి. తేలే వస్తువు ఏదైనా, కొబ్బరిబొండమైనా లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషైనా, ఆ వెనక్కి వచ్చే నీళ్ళతో గోడ కిందికి చేరి, మునిగి, కొంచెం దూరంలో తేలి, మళ్ళీ గోడ కిందికే వస్తుంది. ఇది గంటల తరబడి జరుగుతూనే ఉంటుంది. ఆ నురగలో గాలి కలిసి ఉండటంతో మనిషి మామూలు నీళ్ళలో తేలినంతగా తేలడు, తెడ్డు వేస్తే పట్టు దొరకదు.

నదిలో బండ మీద నుంచి దిగిన నీళ్ళు దాని వెనక ఇలాగే వెనక్కి తిరిగే చోటును హోల్ అంటారు. సహజంగా ఏర్పడే ఆ హోల్‌కూ దీనికీ తేడా ఒకటుంది. బండ నది అడ్డంగా మొత్తం ఉండదు కాబట్టి హోల్‌కు పక్కల ఎక్కడో ఒకచోట నీళ్ళు దిగువకు పోతాయి. పక్కకు తెడ్డు వేసుకుంటూ జరిగితే బయటపడే వీలుంటుంది. చెక్‌డ్యాంకు ఆ వీలు లేదు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే కొలత, చివర్లో కాంక్రీటు గోడలు. రిషికేశ్‌లో పెద్ద పెద్ద ర్యాపిడ్‌లు దిగే గైడు కూడా మన చెక్‌డ్యాం చూస్తే కయాక్ భుజాన వేసుకుని ఒడ్డున నడిచి దాటతాడు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ ఆటలో అదీ ఒక నేర్పే.

తలకోన, నాగలాపురం కొండల్లోని మడుగుల గురించి కూడా అడుగుతుంటారు. తలకోన 270 అడుగుల జలపాతం, కింద బండలు. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలోది, అటవీశాఖ అనుమతి లేకుండా ఏ పడవా దించకూడదు. అక్కడితో ఆ చర్చ అయిపోయినట్టే.

అసలైన చలికాలం కయాకింగ్ ఎలా ఉంటుందో తెలియాలంటే గంగ దగ్గరికి వెళ్ళాలి. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలిశాక కిందికి, బ్యాసి, శివపురి మీదుగా రిషికేశ్ దాకా ఉన్న దారిలో ఒక్కో ర్యాపిడ్‌కు ఒక్కో పేరుంది: ది వాల్, త్రీ బ్లైండ్ మైస్, రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్. చలికాలంలో నీళ్ళు తక్కువ కాబట్టి అన్నీ సులువైపోతాయి అనుకోవడం పొరపాటు. వరదకాలంలో పెద్ద అలలుగా ఉన్న చోటు నీళ్ళు తగ్గాక చదునైపోవచ్చు. అదే వరదలో పూర్తిగా మునిగిపోయి ఏ ఇబ్బందీ పెట్టని బండ ఇప్పుడు సగం బయటపడి, దాని వెనక పదునైన హోల్ ఏర్పడవచ్చు. తిరగబడినప్పుడు తల రాయికి తగిలే అవకాశమూ ఎక్కువే, అడుగు దగ్గరికి వచ్చేస్తుంది కదా. పైన టెహ్రీ డ్యాంలో, దాని కింద కోటేశ్వర్ డ్యాంలో కరెంటు కోసం నీళ్ళు వదిలే వేళల్ని బట్టి ఒకే రోజులో మట్టం మారుతుంది కూడా. నిన్న చూసిన ర్యాపిడ్ ఇవాళ అదే అనుకోకూడదు.

కానీ ఆ కాలంలో అక్కడ అసలు ప్రశ్న చలి. గాలి చలి కాదు, నీటి చలి. ఈ రెండింటినీ మనవాళ్ళు ఎప్పుడూ కలిపేస్తారు. జనవరి మధ్యాహ్నం రిషికేశ్‌లో ఎండ హాయిగా ఉంటుంది, టీ షర్టుతో తిరగొచ్చు, అది చూసి టీ షర్టుతోనే కయాక్ ఎక్కేస్తారు. నీళ్ళు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తాయి. కయాకర్ బట్టలు వేసుకోవాల్సింది నీటిని చూసి, ఎండను చూసి కాదు.

చన్నీళ్ళలో పడ్డ మనిషికి ముందుగా వచ్చేది గడ్డకట్టుకుపోవడం కాదు. అది చాలా తర్వాతి సంగతి. ముందు వచ్చేది ఎగశ్వాస. కార్తీకంలో తెల్లవారుజామున కపిలతీర్థం ధార కింద నిలబడిన వాళ్ళకు ఇది తెలుసు: మొదటి ధార నెత్తిన పడగానే మనకు తెలియకుండానే నోరు తెరుచుకుని గుక్క లోపలికి పోతుంది, ఆ తర్వాత కాసేపు ఊపిరి మన మాట వినదు, గోవిందా అనడానికి కూడా గొంతు పెగలదు. ధార కింద నిలబడి ఉన్నాం కాబట్టి ఆ గుక్కలో గాలి పోయింది. కయాక్ తిరగబడి తల నీళ్ళలో ఉన్నప్పుడు అదే గుక్క వస్తే నీళ్ళు పోతాయి. తేడా అంతే, కానీ ప్రాణానికి ఆ తేడానే ముఖ్యం. పైగా కపిలతీర్థం నీళ్ళు చల్లగా ఉన్నా అవి మన చలికాలపు నీళ్ళు, గంగంత చల్లనివి కావు. ఈ ఎగశ్వాస అన్నిటికన్నా తీవ్రంగా ఉండేది 10 నుంచి 15 డిగ్రీల నీళ్ళలో. అంటే దీనికి మంచుగడ్డలు తేలే నీళ్ళు అక్కర్లేదు. దాంతోపాటు గుండె దడదడా కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది, గుండె జబ్బున్న వాళ్ళకు అక్కడే ముప్పు.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని జనానికి గుర్తుండేలా 1-10-1 అని చెప్పాడు. బాగా చల్లటి నీళ్ళలో పడ్డాక ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులూ కాళ్ళూ చెప్పినట్టు వినేది ఓ 10 నిమిషాలు, స్పృహ తప్పేంతగా ఒళ్ళు చల్లబడటానికి దగ్గర దగ్గర 1 గంట. ఇందులో జనం పట్టించుకోనిది మధ్యలోని 10. చాలామంది చనిపోయేది హైపోథెర్మియాతో, అంటే ఒళ్ళు బాగా చల్లబడిపోయి కాదు. అంతకన్నా ముందే చేతులు పనిచేయడం మానేసి, ఈత కొట్టలేక, తాడు పట్టుకోలేక మునిగిపోతారు.

ఎగశ్వాస విషయంలో మాత్రం ఒక మంచి సంగతుంది, అది అలవాటుతో తగ్గుతుంది. కొన్ని రోజులు వరసగా కాసేపు చన్నీళ్ళలో దిగితే ఆ మొదటి గుక్క తీవ్రత బాగా పడిపోతుంది. కార్తీకమంతా తలకు చన్నీళ్ళు పోసుకునే మన పెద్దవాళ్ళు మొదటి రెండు మూడు రోజులే కష్టం అనేది ఇందుకే. ఈ అలవాటు ఒళ్ళు చల్లబడటాన్ని మాత్రం ఆపదు, ఆ పని బట్టలదే.

కయాకర్ చేతుల దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గర్నుంచి చూడండి. నడుముకు స్ప్రే స్కర్ట్ కట్టుకుని, దాని అంచును కయాక్ నోటి చుట్టూ బిగిస్తారు, నీళ్ళు లోపలికి రాకుండా. దాని ముందు భాగంలో చిన్న పట్టీ ఉంటుంది, గ్రాబ్ లూప్ అంటారు. తిరగబడినప్పుడు తెడ్డు ఆసరాతో నడుము విసిరి మళ్ళీ లేవడాన్ని రోల్ అంటారు. రోల్ కుదరకపోతే ఆ పట్టీని ముందుకు లాగి, స్కర్ట్ ఊడదీసి, బయటికి రావాలి. ఇదంతా తలకిందులుగా, కళ్ళు కనపడని నీళ్ళలో, చేత్తో తడుముకుని చేయాల్సిన పని. వేళ్ళు మొద్దుబారితే పట్టీ చేతికి తగిలినా తగిలినట్టు తెలియదు, తెలిసినా పిడికిలి బిగియదు. ఇంకోవైపు, బయట నిమిషం ఊపిరి పట్టగలిగినవాడికి చన్నీళ్ళలో అందులో పావు వంతు కూడా నిలవకపోవచ్చు. ఈతకొలనులో పదిసార్లకు పదిసార్లూ రోల్ చేసేవాడు జనవరి గంగలో మొదటి ప్రయత్నానికే బెంబేలెత్తి బయటికొచ్చేయడం వెనక కారణం ఇదే, నేర్పు లేక కాదు. అందుకే తెడ్డుకే తొడిగి ఉంచే పోగీలు అనే నియోప్రీన్ (ఒక రకం మెత్తటి రబ్బరు) తొడుగులు, హెల్మెట్ కింద నియోప్రీన్ టోపీ. తలకు చన్నీళ్ళు సూటిగా తగలకపోతే సగం బెంబేలు తగ్గుతుంది. చెవుల్లో ప్లగ్‌లు కూడా పెట్టుకోవాలి. ఏళ్ళ తరబడి చన్నీళ్ళూ గాలీ తగిలితే చెవి రంధ్రంలో ఎముక పెరిగి దారి ఇరుకైపోతుంది, సర్ఫింగ్ వాళ్ళకూ కయాకర్లకూ వచ్చే జబ్బు అది.

ఒంటి బట్టల్లో వెట్‌సూట్, డ్రైసూట్ అని రెండు మాటలు వినిపిస్తాయి. వెట్‌సూట్ నీటిని ఆపదు. లోపలికి కొంచెం నీటిని రానిచ్చి ఒంటికీ రబ్బరుకీ మధ్య పలచని పొరగా పట్టి ఉంచుతుంది, ఆ పొరను మన ఒళ్ళే వెచ్చబరుస్తుంది. ఒంటికి అతికినట్టు ఉంటేనే అది పనిచేస్తుంది. అద్దెకు దొరికిన వదులు వెట్‌సూట్‌లో నీళ్ళు వస్తూ పోతూ ఉంటే వేసుకుని లాభం లేదు. డ్రైసూట్‌లో మెడ దగ్గరా మణికట్ల దగ్గరా లేటెక్స్ పట్టీలు బిగుతుగా ఉండి నీటిని అసలు రానివ్వవు, కానీ దానికదిగా వెచ్చదనం ఇవ్వదు, లోపల ఉన్నియో ఫ్లీసో వేసుకోవాలి. లోపల కాటన్ మాత్రం వద్దు. మన ఎండకు కాటన్‌ను మించింది లేదు నిజమే, కానీ తడిసిన కాటన్ ఆరదు, ఒంటికి అతుక్కుని చలిని పెంచుతూ పోతుంది.

నదుల కష్టాన్ని 1 నుంచి 6 దాకా గ్రేడ్‌లుగా చెబుతారు. నీళ్ళు 10 డిగ్రీల లోపుంటే ఆ నదిని ఒక గ్రేడ్ ఎక్కువగానే లెక్కేసుకోవాలని కయాకర్ల లోకంలో నియమం ఉంది, నేనైతే 15 డిగ్రీల దగ్గర్నుంచే అలా లెక్కేయమంటాను, ముఖ్యంగా వేడి ఊళ్ళ నుంచి వెళ్ళే మనలాంటి వాళ్ళకు. చలికాలపు రాత్రుల్లో కూడా మామూలుగా 18 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే ఊరు మనది. ఇంకో సంగతి పొద్దు. డిసెంబరులో రిషికేశ్‌లో ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది, లోయలో అయితే సూర్యుడు అంతకన్నా చాలా ముందే కొండ వెనక్కి పోతాడు. నీడ పడ్డ మరుక్షణం నుంచి తడిసిన ఒళ్ళు చల్లబడటం మొదలవుతుంది. అందుకే చలికాలంలో పొద్దున కాస్త ఎండెక్కాక దిగి, మధ్యాహ్నం మూడు లోపు నదిలోంచి బయటికి వచ్చేసేలా ప్లాన్ చేసుకుంటారు.

ఎవరైనా చన్నీళ్ళలో ఎక్కువసేపు ఉండి బయటపడితే ఏం చేయాలో అందరికీ తెలిసుండాలి. గట్టిగా వణుకుతున్నాడంటే ఒళ్ళు ఇంకా పోరాడుతోందని. మాట తడబడి, వణుకు ఆగిపోయి, నిద్రమత్తు కమ్ముతుంటే అది బాగుపడటం కాదు, ముదరడం. గాలి తగలని చోట పడుకోబెట్టాలి, తడి బట్టలు తీసేసి పొడివి చుట్టాలి, మెలకువగా ఉండి మింగగలిగితే తియ్యగా వెచ్చటి టీ పట్టాలి. చేతులూ కాళ్ళూ రుద్దకూడదు, మద్యం పోయకూడదు, లేపి నడిపించకూడదు. చేతుల్లో కాళ్ళలో చల్లబడ్డ రక్తం ఒక్కసారిగా గుండెకు చేరితే బయటపడ్డాక కూడా మనిషి కుప్పకూలిపోవచ్చు.

ఇదంతా చదివి తిరుపతిలో ఉన్నవాడు కయాకింగ్ మానుకోవాలని కాదు, నాకూ ఆ ఆటంటే ప్రాణం. వరస మార్చుకోవాలి, అంతే. రోల్ మన వేడి ఊళ్ళోనే ఈతకొలనులో నేర్చుకోండి, వెచ్చటి నీళ్ళలో నేర్చుకున్నది త్వరగా వంటబడుతుంది. తర్వాత దాండేలి. తిరుపతి నుంచి కొల్హాపూర్ పోయే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ హుబ్బళ్ళి మీదుగానే వెళుతుంది, అక్కడి నుంచి బస్సు. కాళి నీళ్ళు చల్లగా ఉండవు, చలితో పని లేకుండా నదిని చదవడం, ఎడ్డీలు పట్టడం అక్కడ వంటబట్టించుకోవచ్చు. బయల్దేరే ముందు డ్యాం నుంచి నీళ్ళు వదులుతున్నారా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఆ తర్వాత రిషికేశ్, అదీ మొదటిసారి అక్టోబరు చివర్లోనో మార్చిలోనో. డిసెంబరు, జనవరిల్లోనే వెళ్ళాలనుకుంటే ముందుగా అక్కడి వాళ్ళను మీ కొలతకు డ్రైసూట్ గానీ, ఒంటికి పట్టే వెట్‌సూట్ గానీ ఉందా అని అడగండి. ఎండ బాగుంటుంది సార్, అక్కర్లేదు అన్నారంటే, ఇంకొకళ్ళను వెతుక్కోండి.